శుభలక్షణాల చాటున: అరబ్బీ గుర్రం, క్షీణవ్యాధి, జాతిశుద్ధి అనే ఊహ

దోహాకు పడమరన, అల్ రయ్యాన్‌లో, గుర్రపు నాడా ఆకారంలో కట్టిన ఒక పెద్ద అశ్వశాల ఉంది. పేరు అల్ షఖబ్. షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ 1992లో దీనిని నెలకొల్పాడు. 2004లో ఇది ఖతార్ ఫౌండేషన్‌లో భాగమైంది. షేక్ జాసిమ్ నాయకత్వంలో ఖతారీలు ఒట్టోమన్ సేనను ఎదిరించి గెలిచిన 1893 నాటి అల్ వజ్బా యుద్ధంతో ఈ నేలకు సంబంధం ఉందని అక్కడివారు చెప్పుకుంటారు. చమురు, సహజవాయువు తెచ్చిన సంపదకు ముందు ఈ ఎడారి ద్వీపకల్పంలో మనిషి ప్రతిష్ఠను కొలిచిన సాధనాలలో గుర్రం ఒకటి. ఆ జ్ఞాపకాన్ని కాపాడుకోవడమే అల్ షఖబ్ ఉద్దేశం.

ఈ ప్రాంగణంలో ఒక అరబ్బీ గుర్రాన్ని రెండు రకాలుగా చదువుతారు. ప్రదర్శన మైదానంలో న్యాయనిర్ణేతలు దాని రూపాన్ని చదివి మార్కులు వేస్తారు. ఐరోపాలో రూపొంది అంతటా వాడుకలోకి వచ్చిన పద్ధతిలో జాతిలక్షణం, తల-మెడ, శరీరం-వెన్నురేఖ, కాళ్ళు, నడక అనే ఐదు అంశాలకు ఒక్కొక్కదానికి 20 మార్కుల దాకా ఉంటాయి. ఖతార్ ఫౌండేషన్ నడిపే అశ్వవైద్యశాల కూడా అక్కడే ఉంది. పశువైద్యం చదివే పద్ధతి వేరు. జూలులోంచి కుదుళ్ళతో సహా పీకిన కొన్ని వెంట్రుకలు చాలు, ప్రయోగశాల ఆ గుర్రపు జన్యువులను చదవగలదు. మొదటి చదువులో నూటికి తొంభై తెచ్చుకున్న గుర్రం రెండో చదువులో ఒక ప్రాణాంతక లోపానికి వాహకంగా తేలవచ్చు. ఈ రెండు చదువుల మధ్య ఉన్న ఎడమే ఈ వ్యాసానికి విషయం. పశువులను గురించి సాహిత్యమూ శాస్త్రమూ పెంపకందార్లూ వందల ఏళ్ళుగా వాడుతూ వచ్చిన ‘లక్షణం’, ‘జాతి’, ‘శుద్ధి’ అనే మాటలు క్షీణవ్యాధుల ముందు ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడం దీని ఉద్దేశం.

*

అరబ్బీ గుర్రాలలో కనిపించే క్షీణవ్యాధులలో అనుమస్తిష్క క్షీణత ముఖ్యమైనది. వైద్యులు దీనిని సెరిబెల్లార్ అబయోట్రఫీ అంటారు. అబయోట్రఫీ అన్న మాటను 1902లో ఆంగ్ల నాడీవైద్యుడు విలియం గవర్స్ కల్పించాడు. కొన్ని కణాలు మామూలుగానే పుట్టి, పెరిగి, బయటి దెబ్బ ఏదీ తగలకుండానే, లోపలి జీవశక్తి చాలక ముందుగా నశించడాన్ని అతడు అలా పిలిచాడు. గుర్రపుపిల్లలో జరిగేది ఇదే. అది పుట్టినప్పుడు చక్కగా ఉంటుంది. లేచి నిలబడుతుంది, తల్లి పాలు తాగుతుంది, వెంట పరుగెడుతుంది. చాలా పిల్లలలో ఆరు వారాలకూ నాలుగు నెలలకూ మధ్య మార్పు బయటపడుతుంది. మేతకోసం తల వంచినప్పుడు తల వణుకుతుంది. ముందుకాళ్ళు అవసరానికి మించి ఎత్తి వేస్తుంది. నిలబడితే కాళ్ళు ఎడంగా పెట్టుకుంటుంది. గోడ ఎంత దూరంలో ఉందో అంచనా కట్టలేదు. కంటి ముందు చెయ్యి ఆడిస్తే రెప్ప వెయ్యదు, కాని చూపు పోలేదు. చిన్నమెదడులో కదలికలను సరిదిద్దే పుర్కింజీ కణాలు ఒకటొకటిగా నశించడమే దీనంతటికీ కారణం.

ఈ వ్యాధి తనంతట తాను చంపదు. కొన్ని గుర్రాలు ఏళ్ళతరబడి బతుకుతాయి. కాని వాటిపై స్వారీ చేయడం ప్రమాదం, వాటిని పట్టి నడిపించడమూ ప్రమాదమే. బెదిరి పడిపోయే గుర్రం తనను తాను గాయపరచుకుంటుంది, పక్కనున్న మనిషినీ గాయపరుస్తుంది. అందువల్ల ఎక్కువ సందర్భాలలో దయామరణమే దారి అవుతుంది. ఇక్కడ గుర్తించవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ మొదటి వణుకు కంటపడేది యజమానికి కాదు, తెల్లవారుజామున దాణా పెట్టడానికి వచ్చే గుర్రపుశాల కార్మికుడికి. గుర్రం తూలితే దెబ్బ తగిలేదీ అతడికే.

వంశపారంపర్య నియమం సులభమైనది. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులుగా వస్తేనే వ్యాధి. ఒక ప్రతి మాత్రమే ఉన్న గుర్రం వాహకం. అది జీవితాంతం ఆరోగ్యంగా ఉంటుంది. రెండు వాహకాలను కలిపితే పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలోని పరిశోధకులు రెండవ క్రోమోజోములో ఒకే ఒక్క అక్షరపు మార్పు దీనికి మూలమని గుర్తించి 2011లో ప్రకటించారు. పరీక్ష అంతకు ముందే అందుబాటులోకి వచ్చింది. అరబ్బీ రక్తం కలిసిన కొన్ని ఇతర జాతులలోనూ అదే మార్పు కనిపించింది. ఒకప్పుడు ఏ గుర్రంలోనో జరిగిన ఒక అక్షరదోషం నకలు మీద నకలుగా దేశాలు దాటింది.

*

పాత గ్రంథాలు గుర్రాన్ని ఎలా చదివాయో ఇప్పుడు చూడాలి. శాలిహోత్రుడితో మొదలై, నకులుడి పేర ప్రచారంలో ఉన్న అశ్వచికిత్సితం, జయదత్తుని అశ్వవైద్యకం మీదుగా సాగిన సంస్కృత సంప్రదాయం తెలుగులోకీ వచ్చింది. మనుమంచిభట్టు హయలక్షణ విలాసం ఆ కోవలోని తెలుగు గ్రంథం. ఈ సంప్రదాయం గుర్రాన్ని పైనుంచి చదువుతుంది. ఒంటి రంగు, సుడులు, పళ్ళు, నడక, సకిలింపు, వీటిని బట్టి శుభాశుభాలను నిర్ణయిస్తుంది. తెలుగు పల్లెల్లో ఎద్దును కొనేటప్పుడు సుడి చూడడం నిన్నమొన్నటిదాకా ఉన్న ఆచారమే. ఆశ్చర్యమేమిటంటే అరబ్బుల అశ్వవిద్యలోనూ సుడుల శకునం ఉంది. తొమ్మిదవ శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫాల అశ్వశాలలను చూసిన ఇబ్న్ అఖీ హిజామ్ నుంచి పద్నాలుగవ శతాబ్దంలో మమ్లూక్ సుల్తాన్ కొలువులో ఉన్న అబూ బక్ర్ ఇబ్న్ బద్ర్ దాకా అరబ్బీ అశ్వవైద్యం గొప్ప గ్రంథాలను ఇచ్చింది.

ఈ గ్రంథాలను నేటి జన్యుశాస్త్రంతో పోల్చి తీసిపారేయడం విమర్శ కాదు. అవి చేసిన పనిని వాటి అవసరంలో చూడాలి. పళ్ళను బట్టి వయసు చెప్పడం నేటికీ చెల్లే విద్య. కాలి నడకను బట్టి కుంటి ఎక్కడుందో చెప్పడమూ అంతే. గుర్రం కొనేవాడిని మోసం నుంచి కాపాడడం ఆ శాస్త్రాల మొదటి ప్రయోజనం. తెలుగునేలకు ఈ ప్రయోజనం ప్రాణావసరం. దక్షిణాదికి మేలుజాతి గుర్రాలు గల్ఫ్ తీరం నుంచీ అరేబియా నుంచీ ఓడల్లోనే రావాలి. పదమూడవ శతాబ్దం చివర మార్కో పోలో తమిళ తీరపు రాజ్యంలో ఏటా వేల గుర్రాలు దిగడాన్నీ, అన్నంలో మాంసం కలిపి పెట్టే తిండితో, తెలిసిన వైద్యుడు లేక అవి కుప్పకూలడాన్నీ రాశాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతి భాగంలో ఏనుగులనూ గుర్రాలనూ తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించి, ఆ సరుకు శత్రువుకు చేరకుండా చూసుకోవాలని చెప్పాడు. గుర్రాన్ని గడ్డిపోచలతో ఎండగట్టిన తెనాలి రామలింగడి చాటుకథ వెనకా ఈ వ్యాపారపు జ్ఞాపకమే ఉంది. ఖతార్ ఉన్న సముద్రానికీ తెలుగువారికీ మధ్య బంధం నేటి వీసాలతో మొదలైంది కాదు.

అయితే లక్షణశాస్త్రానికి ఒక హద్దు ఉంది. అది కనిపించేదాన్ని మాత్రమే చదవగలదు. వాహకంలో కనిపించేది ఏమీ ఉండదు. సుడి చూసినా, పుటం పెట్టినట్టున్న ముఖం చూసినా ఆ రహస్యం బయటపడదు. ఈ హద్దు పాత గ్రంథాలకు తెలియదు, అది వాటి తప్పు కాదు. నేటి ప్రదర్శన మైదానానికి ఆ హద్దు తెలుసు. తెలిసికూడా మార్కుల పట్టికలో రూపానికే విలువ కడుతోంది. అరబ్బీ గుర్రానికి సహజమైన, ముక్కు దగ్గర కాస్త లోనికి వంగిన ముఖాన్ని మరింత మరింత వంచుతూ పెంచడం మీద 2017లో అమెరికాలో పుట్టిన ఒక పిల్లగుర్రం కారణంగా పశువైద్యులు బహిరంగంగా ఆందోళన తెలిపారు. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, దానికి ముక్కే దిక్కు. అక్కడ అందాన్ని అతి చేయడమంటే ఊపిరితో ఆడుకోవడమే.

*

కవులు ఎంచుకున్న పశువు సాధారణంగా యౌవనంలో ఉన్న పశువు. ఇమ్రుల్ ఖైస్ ముఅల్లఖలోని వేటగుర్రం అలసట ఎరుగదు. అబూ నువాస్ వేటపద్యాలలోని సలూకీ కుక్కలు మెరుపులు. అతడు ఒక వేటకుక్కపై విలాపం కూడా చెప్పాడు, కాని ఆ కుక్క పాముకాటుకు పోయింది, ముసలితనానికి కాదు. మహాప్రస్థానంలో ద్రౌపదీ నలుగురు తమ్ముళ్ళూ ఒకరి తరువాత ఒకరు పడిపోతారు, యుధిష్ఠిరుడి వెంట నడిచే కుక్క మాత్రం పడదు. అది కుక్క కాదు గనుక, ధర్మదేవత గనుక. వెనుకకాళ్ళు ఈడ్చే కుక్క అయి ఉంటే ఆ పరీక్ష మరింత కఠినమయ్యేది. శరణన్నదాన్ని విడవకపోవడం ఒకటి, మోసుకుని నడవడం మరొకటి. పడుకున్నచోటి నుంచి లేవలేని ముసలి కుక్కను నిలబెట్టి చూపిన పాత కావ్యం అంటే ఒడిస్సీ పదిహేడవ సర్గ గుర్తుకు వస్తుంది. అక్కడ కూడా ఆర్గోస్ దీనస్థితికి కవి చెప్పే కారణం వ్యాధి కాదు, యజమాని లేని ఇంట్లో పట్టించుకునేవారు లేకపోవడం.

సాహిత్యంలోని ఈ ఖాళీకి ఫలితం ఉంది. క్షీణించే పశువుకు భాష లేకుండా పోయింది. తొమ్మిదో పదో ఏట జర్మన్ షెపర్డ్ కుక్క వెనుకకాళ్ళ గోళ్ళు నేలకు రాసుకుంటూ నడిస్తే ‘ముసలిదైపోయింది’ అన్న ఒక్క మాటతో ఆగిపోతారు. అది వెన్నుపాము క్షీణత కావచ్చు. నొప్పి ఉండదు కనుక కుక్క ఏడవదు. నెలల్లో వెనుకభాగం చచ్చుబడుతుంది, తరువాత ముందుకాళ్ళకు పాకుతుంది. 2009లో ఈ వ్యాధిని ఎస్‌ఓడీ1 అనే జన్యువుతో ముడిపెట్టారు. మనుషులలో చేష్టలను హరించే ఏఎల్ఎస్ వ్యాధి కొన్ని కుటుంబాలలో ఇదే జన్యువు వల్ల వస్తుందని 1993లోనే తెలిసింది. ముసలి కుక్కలలో కనిపించే మతిమరుపు మెదడులోనూ మనిషి అల్జైమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ పదార్థమే పేరుకుంటుంది. రాత్రి పగలు తేడా మరచి గది మూలన నిలబడిపోయే కుక్క చేస్తున్నది తెలివితక్కువ పని కాదు, అది ఒక రోగలక్షణం.

ఖతార్‌కు దగ్గరి ఉదాహరణ సలూకీ. డేగతో పాటు ఎడారి వేటకు తోడైన ఈ సన్నని కుక్కకు అక్కడ జాతీయ వారసత్వంలో స్థానముంది. సీలైన్ ప్రాంతంలో ఏటా జరిగే మర్మీ ఉత్సవంలో డేగల పోటీలతో పాటు సలూకీల పరుగు కూడా ఉంటుంది. సలూకీలలో సీఎల్ఎన్8 జన్యువులోని లోపం వల్ల నాడీకణాలలో వ్యర్థం పేరుకుని చిన్న వయసులోనే చూపూ నడకా పోయే వ్యాధి ఉందని 2018లో ప్రకటించారు. మనుషులలో బాటెన్ వ్యాధి పేర పిలిచే కుటుంబానికి చెందినదే అది. గాలితో పోటీ పడే కుక్కకూ, గోడను గుద్దుకునే కుక్కకూ మధ్య తేడా ఒక్క అక్షరం చేర్పు.

*

ఇక్కడ ఒక మాట చరిత్రను విప్పడం అవసరం. క్షీణతకు ఐరోపా భాషల్లో వాడే ‘డీజనరేషన్’ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. దాని మొదటి అర్థం తన జాతి నుంచి జారిపోవడం. 1857లో ఫ్రెంచి వైద్యుడు మోరెల్ ఈ మాటను మానసిక రోగాలకు అంటగట్టాడు. 1892లో మాక్స్ నోర్దావ్ అదే పేరుతో పుస్తకం రాసి తన కాలపు కళాకారులను రోగులన్నాడు. శుద్ధి చెడితే పతనం అన్నది ఆ మాట లోపల దాగిన తీర్పు. ఆ తీర్పు ఇరవయ్యవ శతాబ్దంలో ఎక్కడికి దారి తీసిందో తెలిసినదే.

అరబ్బీ గుర్రపు చిన్నమెదడు ఆ తీర్పును తలకిందులు చేస్తుంది. ఇక్కడ క్షీణత జాతి నుంచి జారిపోవడం వల్ల రాలేదు, జాతిలోనే బందీ కావడం వల్ల వచ్చింది. అరబ్బీలో ‘అసీల్’ అంటే కల్తీలేని మూలం కలది. బెదూయిన్లు గుర్రపు వంశాన్ని తల్లివైపు నుంచి లెక్కించి కుహైలాన్, సఖ్లావీ వంటి శాఖలను నోటిలెక్కగా కాపాడారు. అది పరుగులో, కరవులో, యుద్ధంలో పరీక్షకు నిలిచిన శుద్ధి. తట్టుకోలేని గుర్రాన్ని ఎడారి వడకట్టేసేది. నేటి వంశపట్టిక ఎడారి పెట్టిన పరీక్షను తీసేసి కాగితాన్ని మాత్రం ఉంచుకుంది. వాడుకలోని తెలుగూ ఈ భ్రమకు అతీతం కాదు. ‘జాతికుక్క’ అన్నప్పుడు గొంతులో వచ్చే గౌరవం, ‘ఊరకుక్క’ అన్నప్పుడు వచ్చే చులకన దీనికి సాక్ష్యం. ‘క్షీణత’ అన్న మాటలో మాత్రం జాతి ప్రసక్తి లేదు. చంద్రుడు క్షీణిస్తాడు, అందుకు ఎవరి కులాన్నీ తప్పుపట్టరు. ఈ విషయంలో తెలుగుమాట లాటిన్ మాటకన్నా నిజానికి దగ్గరగా ఉంది.

లెక్క చూస్తే విషయం మరింత స్పష్టం. ఒకే తండ్రికి వేరు వేరు తల్లులవల్ల పుట్టిన గుర్రాలను కలపడం పెంపకందార్ల వాడుకలో వంశాన్ని ‘గట్టిపరచడం’. ఆ పిల్లలో ఏ జన్యువైనా ఒకే పూర్వికుడి నుంచి రెండు ప్రతులుగా వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఒక లోపం జాతిలో పది ప్రతులకు ఒకటిగా ఉందనుకుంటే, సంబంధంలేని జంటలకు పుట్టే వెయ్యి పిల్లలలో పదింటికి వ్యాధి వస్తుంది, ఇలాంటి జంటలకైతే ఇరవై ఒకటికి. లోపం నూరింట ఒకటిగా ఉంటే పెరుగుదల రెండింతలతో ఆగదు, పదమూడు రెట్లు దాటుతుంది. అంటే రక్తసంబంధపు కలయిక అన్నిటికన్నా ముందు వెలికితీసేది అరుదైన లోపాలను, ఎవరూ పేరైనా వినని వాటిని.

తెలుగు పాఠకుడు ఈ ఎనిమిదింట ఒకటిని మరోచోట చూశాడు. మేనమామ-మేనకోడళ్ళ పెళ్ళిలో పుట్టే బిడ్డకు ఉండే లెక్క సరిగ్గా ఇదే. మేనబావ-మరదళ్ళకైతే పదహారింట ఒకటి. మేనమామ కూతురిని పెళ్ళాడడం దక్షిణదేశపు ఆచారమని బౌధాయనుడు ఏనాడో గుర్తించాడు. సగోత్రం పనికిరాదన్న నియమాన్ని కచ్చితంగా పాటిస్తూనే మేనరికాన్ని శుభమనుకున్న సమాజం లక్షణశాస్త్రం చేసిన పనినే చేసింది. పేరును చదివింది, రక్తాన్ని చదవలేదు. అరబ్బులలోనూ ఇలాంటి ద్వంద్వమే ఉంది. దూరపు సంబంధం చేసుకుంటే సంతానం బలహీనపడదన్న పాత సామెత ఒకవైపు, పినతండ్రి కూతురిపై మొదటి హక్కు అన్న ఆచారం మరోవైపు. ఖతారీల పెళ్ళిళ్ళలో సగానికి పైగా రక్తసంబంధీకుల మధ్యవేనని 2006లో వచ్చిన అధ్యయనం చెప్పింది. హోమోసిస్టిన్యూరియా అనే జీవక్రియాలోపం ప్రపంచంలో మరెక్కడా లేనంత ఎక్కువగా అక్కడ కనిపిస్తుంది. సుమారు 1,800 జననాలకు ఒకటి.

ఆ దేశం దానికి చూపిన స్పందన గమనించదగినది. నవజాత శిశువులందరికీ రక్తపరీక్ష, 2009 నుంచి పెళ్ళికి ముందు తప్పనిసరి పరీక్ష. పెళ్ళిని నిషేధించలేదు, ఆచారాన్ని తిట్టలేదు. తెలుసుకోమన్నది, తెలుసుకున్నాక నిర్ణయం మీదే అన్నది. పుట్టిన వెంటనే గుర్తిస్తే హోమోసిస్టిన్యూరియా బిడ్డను ఆహారంతో, మందుతో కాపాడవచ్చు. వంశాన్ని తీర్పు చేయకుండా బిడ్డను రక్షించే మార్గం అది.

*

గుర్రపుశాలకూ వర్తించవలసిన నీతి ఇదే. పరీక్ష చేతికి వచ్చిన కొత్తలో పెంపకందార్లు సాధారణంగా రెండు తప్పులలో ఒకటి చేస్తారు. మొదటిది, ఫలితాన్ని దాచడం. వాహకమని తెలిస్తే పోతుగుర్రపు విలువ పడిపోతుందన్న భయం దీనికి మూలం. రెండవది, వాహకాలన్నిటినీ ఒక్క దెబ్బన సంతానోత్పత్తి నుంచి తొలగించడం. అమెరికాలో పరీక్షించిన అరబ్బీలలో దాదాపు ఐదింట ఒకటి వాహకమని తేలింది. అన్నిటినీ తీసేస్తే జాతి ఇంకా ఇరుకవుతుంది, ఇంకా పేరు పెట్టని మరో లోపం ఆ ఇరుకులో పైకి వస్తుంది. శుద్ధి అనే జబ్బుకు మరింత శుద్ధిని మందుగా ఇవ్వడమే అది. వాహకాన్ని లోపంలేని గుర్రంతో మాత్రమే జతకూర్చితే ఒక్క పిల్ల కూడా వ్యాధితో పుట్టదు, మంచి గుణాలూ పోవు. తరతరానికీ ఆ లోపం నెమ్మదిగా తగ్గుతుంది. ఇందుకు కావలసింది రెండే, పరీక్ష చేయడం, ఫలితాన్ని దాచకపోవడం.

పరీక్షను కూడా కొత్త సుడిగా చేసుకోకూడదు. వెన్నుపాము క్షీణత విషయంలో లోపపు ప్రతులు రెండూ ఉన్న కుక్కలన్నిటికీ వ్యాధి రాదు. చాలా కుక్కలు ఆ లక్షణం కనిపించకుండానే ముసలివై పోతాయి. జన్యుపరీక్ష కొన్ని వ్యాధులకు తీర్పు, కొన్నిటికి హెచ్చరిక మాత్రమే. ఆ తేడా చెప్పకుండా చేతిలో కాగితం పెట్టే ప్రయోగశాల పాత కాలపు శకునకాడి పనే చేస్తుంది.

లక్షణాన్ని చూసి మెచ్చుకోవడం తప్పు కాదు. ఎత్తిన తోకతో ఇసుకమీద తేలిపోయే అరబ్బీ గుర్రం అందమైనదే, ఆ అందాన్ని కాపాడుకోవాలన్న ఖతార్ తపనా గౌరవించదగినదే. కాని అందం ఎంచుకున్నది మనిషి, దాని వెల కట్టింది పశువు. మేతకు తల వంచిన నాలుగు నెలల పిల్ల తల ఎందుకు వణుకుతోందో దానికి తెలియదు. అది ముందుగా తెలుసుకోగల మనిషి తెలుసుకోకపోతే, ఆ గుర్రంలో అశుభలక్షణం ఎక్కడుందని వెతకనక్కరలేదు.